మైనస్ 31 వోల్టులు

12 వోల్టుల బ్యాటరీ పెట్టిన సర్క్యూట్లో లెక్క కట్టుకుంటూ పోతే, కలెక్టర్ దగ్గర మైనస్ 31 వోల్టులు ఉన్నట్టు తేలుతుంది. డిప్లొమా రెండో ఏడు పిల్లలకి ఈ లెక్క ఇచ్చినప్పుడల్లా క్లాసులో మొదట వినపడేది రబ్బరు చప్పుడు. రాసింది చెరిపేసి మళ్లీ మొదటినుంచి గుణిస్తారు. మళ్లీ అదే వస్తుంది. చివరికి ఎవరో ఒకరు లేచి నిలబడతారు.

"సార్, మైనస్ వస్తోంది."

"వస్తే రానీ అమ్మా. గుణకారం సరిగ్గా చేశావా?"

"కాలిక్యులేటర్‌తోనే చేశాను సార్."

"అయితే చెరపకు. మనకి కావలసింది అదే."

ఆ అమ్మాయి చూపులో మర్యాద ఉంటుంది గానీ నమ్మకం ఉండదు. ఉండదు మరి. అడ్డదిడ్డమైన జవాబొస్తే కూడికలోనో తీసివేతలోనో ఎక్కడో కాలు జారిందని చిన్నప్పటినుంచీ మనమే నేర్పాం. ఇక్కడ కూడిక తప్పలేదు, సూత్రమూ తప్పలేదు. తప్పింది మొదటి వాక్యం. "ఈ ట్రాన్సిస్టర్ యాక్టివ్ మోడ్‌లో ఉందనుకుందాం" అంటూ మొదలుపెట్టాం చూశారా, ఆ అనుకోవడమే తప్పు. ఆ సంగతి చెప్పడానికే మైనస్ 31 వచ్చింది.

ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. బైపోలార్ ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు: ఎమిటర్, బేస్, కలెక్టర్. లోపల రెండు జంక్షన్లు: బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఒకటి, బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య ఒకటి. ఒక్కో జంక్షన్ ఫార్వర్డ్ బయాస్‌లోనైనా ఉంటుంది, రివర్స్ బయాస్‌లోనైనా ఉంటుంది. రెండు రెళ్లు నాలుగు. రెండూ రివర్స్ అయితే కటాఫ్, అంటే కరెంటు పారదు. రెండూ ఫార్వర్డ్ అయితే శాచురేషన్, అంటే దాదాపు స్విచ్చి వేసినట్టే. ఎమిటర్ వైపుది ఫార్వర్డ్, కలెక్టర్ వైపుది రివర్స్ అయితే యాక్టివ్: బేస్‌లోకి పోయే కొద్దిపాటి కరెంటుకి వందరెట్లో రెండువందల రెట్లో కలెక్టర్‌లో పారుతుంది. ఎన్ని రెట్లన్న ఆ లెక్కనే బీటా అంటారు. నాలుగోది తిరగేసిన యాక్టివ్. పాఠ్యపుస్తకాలు దాన్ని ఒక లైనులో తేల్చేసి ముందుకెళ్తాయి. నేను మాత్రం దాని దగ్గర కాసేపు ఆగుతాను.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒక్కో మోడ్‌కి ఒక్కో సూత్రం. మోడ్ తెలిస్తేగానీ సూత్రం ఏది వాడాలో తెలియదు. సూత్రం వాడి కరెంట్లు, వోల్టేజీలు కడితేగానీ మోడ్ తెలియదు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు అన్నట్టు. ఈ ముడి విప్పే దారి ఒక్కటే: ఏదో ఒక మోడ్ అనేసుకోవడం, చివరిదాకా వెళ్లడం, వచ్చిన జవాబును నిలదీయడం.

మన సర్క్యూట్ చూడండి. ఎమిటర్ నేరుగా గ్రౌండుకి. కలెక్టర్‌కి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ గుండా 12 వోల్టులు. బేస్‌కి 10 కిలో ఓమ్‌ల గుండా 5 వోల్టులు. బీటా 100. యాక్టివ్ అనుకున్నాం కాబట్టి బేస్ దగ్గర 0.7 వోల్టులు. మిగిలిన 4.3 వోల్టులు 10 కిలో ఓమ్‌ల మీద పడితే బేస్ కరెంటు 0.43 మిల్లీ ఆంపియర్లు. దానికి వందరెట్లు, 43 మిల్లీ ఆంపియర్లు, కలెక్టర్‌లో పారాలి. కిలో ఓమ్ మీద 43 వోల్టులు పడాలి. ఉన్నవే 12. పన్నెండులోంచి నలభై మూడు తీసేస్తే మైనస్ 31. ఇంత కరెంటు ఇచ్చే శక్తి సర్క్యూట్‌కి లేదు. ట్రాన్సిస్టర్ అడిగింది, బ్యాటరీ ఇవ్వలేకపోయింది.

సరే, యాక్టివ్ కాదు. శాచురేషన్ అనుకుందాం. అప్పుడు కలెక్టర్ దగ్గర 0.2 వోల్టులు. 11.8 వోల్టులు కిలో ఓమ్ మీద, అంటే 11.8 మిల్లీ ఆంపియర్లు. బేస్ కరెంటు ఇందాకటిదే, 0.43. దీన్ని దానితో భాగిస్తే 27 చిల్లర. బీటా 100 ఉన్న ట్రాన్సిస్టర్‌ని మనం 27 రెట్లే అడుగుతున్నాం. ఇచ్చుకోగలదు. శాచురేషన్ నిలబడింది.

ఈ రెండు పరీక్షల్లో పిల్లలు సాధారణంగా పట్టించుకోని విషయం ఒకటుంది. యాక్టివ్ అనుకున్నప్పుడు కరెంట్ల నిష్పత్తిని ముందే వాడేసుకున్నాం, కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకి వందరెట్లని. కాబట్టి తీర్పు కోసం ఆ నిష్పత్తి దగ్గరికే వెళ్తే అది వంద అనే చెబుతుంది, మనం చెప్పించిందే కాబట్టి. వోల్టేజిని అడగాలి. శాచురేషన్ అనుకున్నప్పుడు 0.2 వోల్టులని వోల్టేజిని మనమే రాసిపెట్టాం. అప్పుడు కరెంట్లను అడగాలి. కటాఫ్ అనుకుంటే కరెంట్లన్నీ సున్నా అని రాశాం, కాబట్టి బేస్ దగ్గర వోల్టేజి నిజంగా అర వోల్టు లోపే ఉందా అని చూడాలి. ఊహ దేన్ని మేపిందో దాన్ని సాక్షిగా పిలవకూడదు. ఈ విషయం పట్టుబడ్డ పిల్లవాడు ఇక ఏ సర్క్యూట్ ఇచ్చినా దారి తప్పడు. పట్టుబడనివాడు సూత్రాలన్నీ కంఠస్థం చేసి కూడా, యాక్టివ్ అనుకుని, బీటా సరిపోయిందని, కింద గీత గీసి పెడతాడు.

మన ప్రశ్నపత్రాల్లో చాలావాటికి ఈ బాధే లేదు. "ట్రాన్సిస్టర్ యాక్టివ్ రీజియన్‌లో పనిచేస్తోందని భావించి" అని ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. మిగిలింది గుణకారం. ఆ గుణకారానికే మార్కులు. రుజువు చేయాల్సినదాన్ని ప్రశ్నలో ఇచ్చేసి, రుజువు అక్కర్లేనిదాన్ని జవాబులో రాయించుకోవడం నాకెప్పటికీ మింగుడుపడదు.

ఈ "అనుకుందాం" అనే పద్ధతికి మన దగ్గర పాత చుట్టరికం ఉంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ సంస్కృత పాఠశాలల్లో న్యాయశాస్త్రానికి మొదటి పుస్తకం. అందులో ఆయన అనుభవాన్ని యథార్థం, అయథార్థం అని విడదీస్తాడు. అయథార్థంలో మూడు రకాలు. మసక వెలుతురులో కనిపించేది మోడా మనిషా అన్న సంశయం ఒకటి. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకునే విపర్యయం రెండోది. మూడోది తర్కం! కొండమీద నిప్పే లేకపోతే పొగ కూడా ఉండేది కాదు కదా అనే రకం ఆలోచన. మొదటిసారి చదివినప్పుడు నాకు విచిత్రంగా తోచింది. పుస్తకం పేరులోనే ఉన్న తర్కాన్ని తీసుకెళ్లి భ్రమ పక్కన, సందేహం పక్కన కూర్చోబెట్టాడేమిటి ఈయన అని.

కానీ ఆలోచిస్తే ఆయన మాట ముమ్మాటికీ సరైనది. కొండమీద నిప్పు లేదని అనుకోవడం జ్ఞానం కాదు, మనం కావాలని ఆరోపించినది. ఆ ఆరోపణ నుంచి పొగ లేదనే మాట పుడుతుంది. ఎదురుగా పొగ కనిపిస్తోంది. ఆరోపణ కూలిపోతుంది. తర్కం తనంతట తాను ఏమీ తెలియజెప్పదు, తెలుసుకునే దారిలో అడ్డు తొలగిస్తుంది. యాక్టివ్ అని రాసిన మొదటి వాక్యం కూడా అలాంటిదే. అది ట్రాన్సిస్టర్ గురించి మనకు తెలిసిన విషయం కాదు, ట్రాన్సిస్టర్ మీద మనం మోపింది. పిల్లలు దాన్ని తెలిసిన విషయంలాగా చూస్తారు కాబట్టే మైనస్ రాగానే కంగారు పడతారు. అయితే న్యాయశాస్త్రంలో పొగ కంటికి కనపడాలి. అది ఊహలోంచి వచ్చిన పొగ అయితే పనికిరాదు. సాక్షి బయటివాడై ఉండాలన్న షరతు అక్కడా ఉంది.

ట్రాన్సిస్టర్‌కి మాత్రం తన మోడ్ గురించిన చింత లేదు. న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబర్ 16న జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్‌లు జెర్మేనియం ముక్క మీద బంగారు రేకు ఆనించి తొలిసారి ఆంప్లిఫికేషన్ చూసినప్పుడు మోడ్‌లనే ఈ నాలుగు గదులూ లేవు. ప్లాస్టిక్ ముక్క అంచుకి బంగారు రేకు అంటించి, మొన దగ్గర బ్లేడుతో సన్నగా చీల్చి, ఆ రెండు అంచుల్నీ జెర్మేనియం మీద నొక్కిపెట్టారు. అంతే. ఆ తర్వాత కొద్ది వారాలకే విలియం షాక్లీ జంక్షన్ ట్రాన్సిస్టర్ ఊహ చేశాడు. 1954లో అదే ల్యాబ్స్‌కి చెందిన ఎబర్స్, మోల్ ఇద్దరూ రెండు సమీకరణాలు రాశారు. వాటిలో మోడ్ అన్న మాటే రాదు. రెండు జంక్షన్ల వోల్టేజీలు పెడితే కరెంట్లు వచ్చేస్తాయి. కటాఫ్ నుంచి యాక్టివ్‌కి, యాక్టివ్ నుంచి శాచురేషన్‌కి వంపులు తిరిగే నున్నటి గీతే తప్ప ఎక్కడా గోడ లేదు. గోడలు కట్టింది మనం, కాగితం మీద చేత్తో లెక్క కట్టడానికి వీలుగా ఉంటుందని. కట్టాక, ఈ గదిలో ఉన్నావా ఆ గదిలో ఉన్నావా అని ట్రాన్సిస్టర్‌ని అడుగుతున్నాం.

పైగా ఏ గదిలో ఉంటుందన్నది దాని పేరు చూసి చెప్పలేం కూడా. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి బీసీ 547 అడగండి. నల్లటి చిన్న ప్లాస్టిక్ బిళ్ల, మూడు కాళ్లు, మన దేశంలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న ప్రతివాడి చేతిలోనూ నలిగింది. దాని డేటాషీట్ తీస్తే బీటా 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చని ఉంటుంది. పేరు చివర ఏ ఉంటే 110 నుంచి 220, బీ ఉంటే 200 నుంచి 450, సీ ఉంటే 420 నుంచి 800. ఒకే పేరు, ఏడురెట్ల తేడా.

ఇప్పుడు మన సర్క్యూట్‌లో బేస్ రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లు తీసేసి 100 కిలో ఓమ్‌లు పెట్టండి. బేస్ కరెంటు 43 మైక్రో ఆంపియర్లకి దిగుతుంది. బీటా 110 ఉన్న ట్రాన్సిస్టర్ పెడితే కలెక్టర్ కరెంటు 4.7 మిల్లీ ఆంపియర్లు, కలెక్టర్ దగ్గర 7.3 వోల్టులు. చక్కటి యాక్టివ్. బీటా 274 దాటిందా, శాచురేషన్. అంటే అదే బోర్డు మీద, అవే రెసిస్టర్లతో, అదే పొట్లంలోంచి తీసిన రెండు బీ రకం ట్రాన్సిస్టర్లలో ఒకటి ఆంప్లిఫయర్ అవుతుంది, ఇంకోటి మూసుకున్న స్విచ్చి అవుతుంది. ల్యాబ్‌లో ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని, తూచ తప్పకుండా ఒకే సర్క్యూట్ కట్టి, ఒకరి స్కోప్‌లో నిండైన సైన్ వేవ్, ఇంకొకరి స్కోప్‌లో చదునైన గీత చూస్తుంటారు. రెండోవాడు తన వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చుతుంటాడు పాపం.

అందుకే పాతకాలం ఇంజనీర్లు ట్రాన్సిస్టర్‌ని నమ్మడం మానేసి నాలుగు రెసిస్టర్లు పెట్టారు. 12 వోల్టుల నుంచి బేస్‌కి 100 కిలో ఓమ్‌లు, బేస్ నుంచి గ్రౌండుకి 22, కలెక్టర్‌లో 4.7, ఎమిటర్ కింద ఒక కిలో ఓమ్. బేస్ వోల్టేజిని ఆ రెండు రెసిస్టర్లే పట్టుకుంటాయి. ఎమిటర్ కింది రెసిస్టర్, కరెంటు పెరగబోతే ఎమిటర్‌ని పైకి లేపి బేస్‌ని వెనక్కి లాగుతుంది. ఈ సర్క్యూట్‌లో బీటా 110 పెట్టినా 800 పెట్టినా కలెక్టర్ కరెంటు తేడా నూటికి పదిహేను లోపే, కలెక్టర్ వోల్టేజి 6.1 నుంచి 5.3 మధ్యే. ఏడురెట్ల చంచలత్వం ఎటు పోయిందో తెలియదు. నా లెక్కలో ఎలక్ట్రానిక్స్‌లో అందమైన ఆలోచనల్లో ఇదొకటి. తెలియని సంఖ్యను కనిపెట్టడానికి తంటాలు పడకుండా, ఆ సంఖ్యతో పనే లేకుండా చేసుకోవడం.

నాలుగో గది దగ్గర ఆగుతానన్నాను. బీసీ 547ని చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందకి పెట్టి పట్టుకుంటే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే ఆకారంలో వచ్చే పీఎన్ 2222లో ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకటి దొరక్క రెండోది అదే వరసలో గుచ్చితే కాళ్లు తారుమారు. 5 వోల్టులతో ఎల్‌ఈడీ వెలిగించే చిన్న సర్క్యూట్‌లో ఇలా జరిగిందనుకోండి, ఎల్‌ఈడీ ఆరిపోదు, మసగ్గా వెలుగుతుంది. కలెక్టర్ దగ్గర మీటర్ పెడితే 0.2 ఉండాల్సిన చోట రెండు వోల్టుల పైన చూపిస్తుంది. ట్రాన్సిస్టర్ తిరగబడి పనిచేస్తోందన్నమాట. ఎమిటర్‌ని దట్టంగా డోప్ చేస్తారు, కలెక్టర్‌ని పలచగా, కాబట్టి రెండు వైపులా బలం ఒకటి కాదు. తిరగబడ్డప్పుడు బీటా సాధారణంగా పదిలోపే. పూర్తిగా చచ్చిపోతే తప్పు తొందరగా దొరుకుతుంది. ఇలా సగం బతికి ఉంటేనే గంటలు పోతాయి. పనికిరాని మోడ్ అనుకోకండి, 7400 జాతి టీటీఎల్ చిప్పుల్లో ఇన్‌పుట్ హై ఉన్నంతసేపూ మొదటి ట్రాన్సిస్టర్ ఇలా తిరగబడే ఉంటుంది. డేటాషీట్‌లో ఇన్‌పుట్ హై కరెంటు 40 మైక్రో ఆంపియర్లు మించదని రాసి ఉండేది దీని గురించే. తిరుగు బీటాను కావాలనే ఒకటికన్నా బాగా తక్కువ ఉండేలా తయారుచేస్తారు.

ట్రాన్సిస్టర్‌ని కుళాయితో పోల్చడం అందరూ చేసేదే. నాకు ఆ పోలిక మొదట్లో అంత నచ్చదు, చివర్లో నచ్చుతుంది. కుళాయి పూర్తిగా తిప్పాక ఇంకా బిగించి తిప్పారనుకోండి, నీళ్లు ఎక్కువ రావు, కట్టేటప్పుడు మాత్రం పట్టుకుపోయి కదలదు. శాచురేషన్‌లో అదే బాధ. అవసరానికి మించి బేస్ కరెంటు పోస్తే బేస్ ప్రాంతంలో చార్జి పేరుకుపోతుంది. ఆపమన్నప్పుడు ఆ చార్జి అంతా ఖాళీ అయితేగానీ ట్రాన్సిస్టర్ ఆగదు. ఈ ఆలస్యం భరించలేక వేగం కోరుకున్నవాళ్లు అసలు శాచురేషన్‌లోకే పోనివ్వని సర్క్యూట్లు కట్టారు. 1976లో వచ్చిన క్రే-1 సూపర్ కంప్యూటర్ అలాంటి ఈసీఎల్ చిప్పులతో చేసిందే. ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు కాబట్టి వేగం, కరెంటు ఎప్పుడూ ఆగదు కాబట్టి వేడి. దాన్ని చల్లబరచడానికి ఫ్రియాన్ పారించారు.

వేడి సంగతి ఎత్తాను కాబట్టి ఒక లెక్క. 12 వోల్టుల మీద ఒక ఆంపియర్ తీసుకునే హీటర్ లాంటి లోడును పవర్ ట్రాన్సిస్టర్‌తో నడుపుతున్నాం. కటాఫ్‌లో కరెంటు లేదు, వేడి లేదు. శాచురేషన్‌లో ఆంపియర్ పారుతుంది గానీ ట్రాన్సిస్టర్ మీద అర వోల్టు కూడా పడదు, అర వాటు లోపే. సరిగ్గా మధ్యలో, 6 వోల్టులు దాని మీద, అర ఆంపియర్ దానిలో, 3 వాట్లు! సంధ్యవేళ తనంతట తాను వెలిగే వీధి దీపం ప్రాజెక్టు చేసే పిల్లలకి ఇదే దెబ్బ. చీకటి ఒక్కసారిగా పడదు, వెలుతురును బట్టి మారే రెసిస్టర్, ఎల్‌డీఆర్ మీద వెలుతురు మెల్లమెల్లగా తగ్గుతుంది, ట్రాన్సిస్టర్ కటాఫ్‌లోంచి శాచురేషన్‌కి అరగంటసేపు నడుస్తుంది, ఆ అరగంటా యాక్టివ్‌లో కాగుతుంది. టేబుల్ మీద ఎల్‌డీఆర్‌ని అరచేత్తో మూసి చూపించినప్పుడు ఏ లోపమూ ఉండదు. అరచేయి ఒక్క క్షణంలో మూస్తుంది కదా.

క్లాసు దాటితే ఇప్పుడు పిల్లలు ఇవేవీ చేత్తో కట్టరు. స్పైస్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీస్తే నాలుగు దశాంశాలతో జవాబొస్తుంది. 1973లో బర్క్‌లీలో లారెన్స్ నాగెల్, డొనాల్డ్ పెడర్‌సన్‌ల చేతిలో పుట్టిన ఈ ప్రోగ్రామ్ లోపల చేసేదీ అనుకోవడమే. వోల్టేజీలు ఇంత అనుకుంటుంది, ఎబర్స్-మోల్ సంతతి సమీకరణాల్లో పెట్టి చూస్తుంది, తేడా వస్తే దిద్దుకుంటుంది, తేడా కనిష్ఠమయ్యేదాకా తిరుగుతుంది. ఒక్కోసారి ఎంత తిరిగినా ఒడ్డు చేరదు, కన్వర్జ్ కాలేదని చేతులెత్తేస్తుంది. దీనిలో నాకు ఆక్షేపణ లేదు. కానీ బొమ్మలో ఉత్త ఎన్‌పీఎన్ పెట్టి, మోడల్ నంబర్ రాయకుండా వదిలేస్తే, బీటా 100 అని తనే వేసుకుంటుంది. గుజరాతీ గల్లీ పొట్లంలో బీటా ఎంతుందో దానికెలా తెలుస్తుంది? జవాబు మోడల్‌తో సరిపోతుంది, మోడల్ జవాబుతో సరిపోతుంది. ఊహ మేపిన సాక్షి ఎంత గడగడా చెబుతాడో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

పరీక్షలో నెగ్గిన ఊహ నిజమేనా అంటే, ఒక్క ట్రాన్సిస్టర్ ఉన్న మామూలు సర్క్యూట్లో నిజమే. రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, ఒకదాని కలెక్టర్‌ని రెండోదాని బేస్‌కి, రెండోదాని కలెక్టర్‌ని మొదటిదాని బేస్‌కి రెసిస్టర్లతో కలపండి. ఇదే ఫ్లిప్‌ఫ్లాప్. మొదటిది శాచురేషన్, రెండోది కటాఫ్ అనుకుని లెక్క కట్టండి. అన్ని పరీక్షలూ నెగ్గుతుంది. ఇప్పుడు తిరగేసి మొదటిది కటాఫ్, రెండోది శాచురేషన్ అనుకోండి. అదీ నెగ్గుతుంది. రెండూ యాక్టివ్ అనుకున్నా కాగితం మీద నెగ్గుతుంది, కాకపోతే కొన మీద నిలబెట్టిన పెన్సిల్‌లా బోర్డు మీద క్షణం కూడా నిలవదు. కాగితం మనకి ఇవ్వగలిగింది "ఇలా ఉండొచ్చు" అన్న మాటే. ఎలా ఉందన్నది ఆ సర్క్యూట్‌కి అంతకుముందు ఏం జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక రకం కంప్యూటర్ మెమరీ పుట్టింది ఈ సందిగ్ధంలోంచే. రెండు జవాబులూ సరైనవే కాబట్టి అందులో ఒక విషయం దాచుకోవచ్చు. ఈ లెక్క ఇచ్చినప్పుడు పిల్లల్లో చురుకైనవాళ్లు మొదటి జవాబు రాగానే పెన్ను మూసేస్తారు. మందకొడిగా ఉండేవాడొకడు, మొదటి ఊహ ఏమిటో మర్చిపోయి రెండోదానితో మొదలుపెట్టి, పక్కవాడి జవాబుతో కలవక గొడవపడతాడు. ఆ గొడవతోనే పాఠం మొదలవుతుంది.

కాగితం ఆగిపోయిన చోట ఏం చేయాలో మా ఊళ్లో మైకు సెట్లు బాగుచేసే మెకానిక్ దగ్గర చూడొచ్చు. ఓసారి కాలేజీ ఆంప్లిఫయర్ పట్టుకెళ్లాను. మొదటి స్టేజి, ఇందాకటి నాలుగు రెసిస్టర్ల సర్క్యూటే. అతను కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య మీటర్ పెట్టాడు. నాలుగైదు వోల్టులు ఉండాల్సిన చోట 0.1. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ట్రాన్సిస్టర్ లోపల షార్ట్ అయిపోయి ఉండొచ్చు, లేదా నిక్షేపంగా ఉండి ఎవరో తోస్తే శాచురేషన్‌లోకి పోయి ఉండొచ్చు. మీటర్ రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది.

అతను బోర్డు తిరగేసి, చిన్న స్క్రూడ్రైవర్ మొన బేస్ టంకానికీ ఎమిటర్ టంకానికీ కలిపి ఆనించాడు. మీటర్ ముల్లు లేచి 12 దగ్గరికి పోయింది. తీశాడు, పడిపోయింది.

"బతికే ఉంది సార్."

బేస్‌నీ ఎమిటర్‌నీ కలిపితే బేస్ కరెంటు పోయే దారే ఉండదు. ట్రాన్సిస్టర్ కటాఫ్‌లోకి వెళ్లి తీరాలి. లోపల షార్ట్ అయినదైతే ఎంత ఆనించినా ముల్లు కదిలేది కాదు. ఏ మోడ్‌లో ఉన్నావని దాన్ని అడగలేదతను, ఈ మోడ్‌లోకి పో అని నెట్టి, వెళ్తుందో లేదో చూశాడు. పెద్ద వోల్టేజి ఉన్న చోట ఇలా చేయకండి. బేస్‌నీ కలెక్టర్‌నీ మాత్రం ఎప్పుడూ కలపకండి, పైన పెద్ద రెసిస్టర్ లేకపోతే ఆ క్షణానే కాలిపోతుంది.

తర్వాత సప్లై ఆపి, బేస్ నుంచి గ్రౌండుకి వెళ్లే 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ని ఒక కాలు టంకం విప్పి కొలిచాడు. మీటర్‌లో ఏ రీడింగూ రాలేదు, ఓపెన్. బేస్‌ని కిందకి పట్టుకునేది తెగిపోతే, పైనున్న 100 కిలో ఓమ్‌ల గుండా వచ్చేదంతా బేస్‌లోకే పోతుంది.

"ఎలాగూ బోర్డు విప్పావు కదా, ట్రాన్సిస్టర్ కూడా మార్చేయకపోయావా?" అన్నాను.

"దానిదేం తప్పుంది సార్? ఈ రెసిస్టర్ ఇలాగే ఉంటే కొత్తది పెట్టినా ఇంతే, వెళ్లి అక్కడే కూర్చుంటుంది," అని, డబ్బాలో ఎరుపు, ఎరుపు, నారింజ చారలున్న రెసిస్టర్ కోసం వెతకడం మొదలుపెట్టాడు.